ఊరట పెట్టిన ఇల్లు

నాకు అన్నింటికంటే భయం ఇది: నా పాప గుక్కపెట్టి ఏడుస్తూ ఉంటుంది, ఆ ఏడుపు నా చెవిన పడుతూనే ఉంటుంది, నేను మాత్రం కంచం ముందునుంచి లేవకుండా అన్నం తింటూ ఉంటాను.

ఒకసారి అలా తిన్నాను. ఆ రోజు చేపల పులుసు. రెండోసారి కూడా పోసుకున్నాను.

భయం అని రాశాను గానీ అది నా ఒంట్లో లేదు. గుండె దడదడలాడదు, అరచేతులు చెమర్చవు. ఎవరో వచ్చి, ఇది భయపడాల్సిన సంగతమ్మా అని చెప్పి వెళ్లిపోతే గుర్తుపెట్టుకున్నట్టు, తలలో ఉంది. ఎలా జరిగిందో వరసగా చెబుతాను.

నా పేరు నూకరత్నం. మాది గాజువాకలో వెనకవీధి. రెండు గదుల వాటా, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. మా ఆయన సన్యాసిరావు నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచీ బావా అనే పిలుస్తాను. ఇనప చువ్వలు చేసే షెడ్డులో క్రేను నడుపుతాడు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. మా అత్త పారమ్మ జూటు మిల్లులో మగ్గాల దగ్గర పని చేసి చేసి చెవులు పోగొట్టుకుంది. చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. ఆమె కూడా ఇంకా మగ్గాల మధ్యనే నిలబడి ఉన్నట్టు అరిచి మాట్లాడుతుంది. నన్ను ఇంటరు బైపీసీ మొదటి ఏడాదిలో ఉండగా చదువు మాన్పించి పెళ్లి చేశారు. అందుకని ఇందులో కొన్ని సంగతులు నాకు పూర్తిగా తెలియవు. తెలిసినంతలో చెబుతాను.

పాప మోక్షిత పుట్టిన దగ్గర్నుంచీ సాయంత్రమైతే ఏడుపే. కడుపులో గాలి, కొన్ని నెలలకి అదే తగ్గుతుంది అన్నాడు డాక్టరు. పిల్ల ఏడిస్తే నాకు ప్రాణం పోయేది. ఊరుకుంటే ఇంకా పోయేది. నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలాక ఇవతలికి వచ్చి, ఒక గిన్నె కడిగి, మళ్లీ వెళ్లి వేలు పెట్టేదాన్ని. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన బావకి పగలు నిద్రుండేది కాదు.

"క్రేనుమీద కూకుని కునుకు పడితే కింద మడుసులుంటారే రత్నం," అన్నాడు ఒకరోజు, ఎర్రబడ్డ కళ్లు నులుముకుంటూ. "ఇంట్లో ఏదైనా పాటల సర్వీసు పెట్టిద్దుం. గుంట ఊరుకుంటాది, నాను తొంగుంటాను."

కొన్నాళ్లు ఊరికే వాడి చూసి, నచ్చితే ఉంచుకోమనే సర్వీసులు మూడు దొరికాయి. మొదటిది రాగమాల. అడిగిన పాట పెడుతుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. బావ అడిగేది ఒకటి, నేను అడిగేది ఒకటి. ఆ తగువుకే పాప లేచేది. రెండోది పాటలవాన. మన ఇష్టం కనిపెట్టి తనే పెడుతుందట. నేను ఒక్కసారి జోలపాట అడిగిన పాపానికి, మా ఇంట్లో అందరూ పసిపిల్లలే అనుకుంది. బావ స్నేహితులు క్రికెట్టు చూడ్డానికి వస్తే వాళ్లకీ జోలపాటే.

"ఏరా సన్నీ, మాకు ఉగ్గు కూడా పెడతావేట్రా?" అని నవ్వి పోయారు వాళ్లు.

ఏది ఉంచమంటావని అత్తని అడిగాం.

"నాకేదైతేనేటే! నా సెవుల్లో మిల్లు ఆగితే గదా మీ పాటలినబడ్డానికి," అంది.

మూడోది ఊరట. అది ఇంకా అమ్మకానికి రాలేదు. పసిపిల్లలూ షిఫ్టు డ్యూటీలూ ఉన్న ఇళ్లలో పెట్టి చూస్తున్నారు, కొండమీది కంపెనీవాళ్లు, అని షెడ్డులో ఎవరో చెబితే బావ ఫోన్ చేశాడు. పెట్టె పట్టుకుని ఇందుమతి అనే ఇంజనీరు వచ్చింది.

ఆమె కడుపుతో ఉంది. నెమ్మదిగా మెట్లెక్కి, నెమ్మదిగా కూర్చుంది. వీధిలో లారీ హారన్ కొడితే నేను ఎగిరిపడ్డాను. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు. అంత నిమ్మళమైన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

"ఎన్నో నెలమ్మా?" అత్త అరిచింది.

"ఏడో నెలండి."

"ఏడో నెల్లో ఈ పెట్లు మొయ్యడమేటి? మీ అత్త ఊరుకున్నాదా?"

"అత్తగారు లేరండి. మా అమ్మా లేదు. ఆయన ఓడమీద పనిచేస్తారు, ఎప్పుడో గానీ రారు. నాకేం బెంగలేదండి," అని నవ్వింది ఇందుమతి. నేను ఆ మాటలు అత్త చెవిలో వేశాను. అత్త లోపలికి పోయి బెల్లం ముక్క, గుప్పెడు వేపిన పల్లీలు తెచ్చి ఆమె ఒళ్లో పోసింది.

ఇందుమతి ఒక స్టీలు కంచం అడిగింది. అందులో బొంబాయి రవ్వ పల్చగా చల్లి పెట్టె ముందు పెట్టింది. పెట్టె కొబ్బరికాయంత ఉంది. నన్ను ఎదురుగా కూర్చోమంది. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా రవ్వ గీతలు గీతలుగా దగ్గరికి జరిగింది, వదిలినప్పుడల్లా దూరం జరిగింది. వాకిట్లో ముగ్గు తనంతట తాను వేసుకుని చెరుపుకుంటున్నట్టుంది.

"చెవికి అందని చప్పుడు ఒకటి మీ ఒంటికి తగిలి తిరిగొస్తుందండి. దాంతో మీ ఊపిరి ఎలా ఉందో దీనికి తెలుస్తుంది," అంది.

పాట మొదలైంది. వేణువో సన్నాయో తెలియదు. మొదట నా ఊపిరికి తగ్గట్టే ఆదరాబాదరాగా ఉంది. తర్వాత కొంచెం నిదానించింది. ఇంకొంచెం నిదానించింది.

"ఇప్పుడు మీరు రవ్వని కదుపుతున్నారా, అది మిమ్మల్ని కదుపుతోందా, చూడండి."

చూశాను. గీత ముందు జరుగుతోంది. దాని వెనక నేను ఊపిరి తీస్తున్నాను. నా భుజాలు కిందికి దిగాయి. పాప పుట్టాక అవి దిగడం అదే మొదలు.

"ముందు మీతో నడుస్తుంది, తర్వాత మిమ్మల్ని తనతో నడిపిస్తుంది. పాట వినబడాలి, అంతే," అంది ఇందుమతి.

"ఇదే ఉంచుదుం," అన్నాడు బావ ఆవలిస్తూ.

ఇక్కడ మేం ఒక పని చేశాం. పెద్దవాళ్ల ఊపిర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి పెట్టె తేలిగ్గా పట్టుకుంటుందట. పసిపిల్లలది బాగా వేగం, ప్రత్యేకంగా నేర్పాలట. పాప పడుకున్నప్పుడు కొన్నాళ్లు పెట్టెని పక్కన పెడితే ఊపిరి లెక్క తీసుకుంటుందని చెప్పింది ఇందుమతి. అత్త చెవిలో ఆ మాట వెయ్యగానే ఆమె గయ్యిమంది.

"తొంగున్న గుంట ఊపిరి లెక్కెడతారా? ఏ తల్లైనా లెక్కెట్టినాదా? దిష్టి కొట్టీదా? నిద్దరోతన్న గుంటని ముద్దే ఎట్టుకోం గదే మనం!"

నిజమే. మావైపు నిద్రపోయే పిల్లని ముద్దుపెట్టుకోరు, కొలత చూడరు, ఎంత చక్కగా పడుకుందో అని పైకి అనను కూడా అనరు. ఇందుమతి వాదించలేదు. "మా బిడ్డనైతే కడుపులో ఉండగానే నేర్చుకుంటోందండి. నా మంచం పక్కనే ఉంటుంది పెట్టె," అని మాత్రం అంది. మేం కొలిపిస్తామనే చెప్పి పంపించాం. పెట్టె నేర్చుకునే ఆ కొన్నాళ్లూ, పాప కళ్లు మూతలు పడే వేళకి అత్త భుజాన వేసుకుని ఎదురింటి బంగారమ్మ దగ్గరికి పోయి పడుకోబెట్టింది. కాబట్టి పెట్టెకి బావా నేనూ తెలుసు. అత్త చెవికి పాట అందదు కాబట్టి ఆమె దాని చేతికి చిక్కలేదు. పాప మాత్రం దాని దృష్టిలో ఫ్యాను చప్పుడూ కుక్కర్ విజిలూ లాంటిదే.

పాప ఏడుపు తగ్గలేదు. మాకు తగ్గింది.

అలా చెబితేనే సరిగ్గా ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి పాప మొదలుపెట్టేది. పాట నడుస్తూ ఉండేది. నేను వెళ్లి ఎత్తుకునేదాన్ని, కానీ పరిగెత్తేదాన్ని కాదు. బావ పక్కగదిలో గుర్రుపెట్టేవాడు. ముక్కు కింద వేలు పెట్టడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మా ఇద్దరికీ తగువులు లేవు. ఆ రోజుల్లో నన్నెవరైనా అడిగితే ఊరట లాంటిది లేదనే చెప్పేదాన్ని.

బంగారమ్మ ఒకరోజు కొంగు నడుంకి చుట్టి వచ్చింది. "ఓలమ్మా, మీ గుంట అలగ ఏడస్తంటే ఇనబడ్డంలేదేటే నీకు? వీదంతా..." అంటూ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కూర్చుంది. టీ ఇచ్చాను. తాగింది. "బాగున్నాదే పాట," అంది. వాళ్ల చెల్లెలు కోడలి సంగతి ఏదో చెప్పి, లేచి వెళ్లిపోయింది. ఆమె వాకిట్లోకి చేరాక అక్కణ్నుంచి కేకేసింది: "ఓసోస్, నానెందుకొచ్చినానో సెప్పనే నేదే!"

నేను నవ్వాను. నవ్వు కూడా అంత పైకి రాలేదు.

కంపెనీవాళ్లు నన్ను కొండమీదికి పిలిచారు. ల్యాబు గోడలకి గుడ్ల అట్టల్లాంటి మెత్తలు అంటించి ఉన్నాయి. మధ్యలో ఒక కుర్చీ, ఎదురుగా తెర. ఇందుమతి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్లు వినిపించింది. పళ్లెం కిందపడ్డ చప్పుడు, కుక్క మొరుగు, బ్రేకు కీచు. తెరమీద నా ఊపిరి గీత చిన్న అల కూడా లేకుండా నడిచింది. మొదటిరోజు గీత పక్కన పెట్టి చూపించారు. అది రంపం పళ్లలా ఉంది.

"ఎంత బాగా దిగారండి!" అంది ఇందుమతి. అక్కడున్న ఇంకో ఇద్దరు చప్పట్లు కొట్టారు. పదో తరగతిలో కూడా నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ దిగడం ఇంటికి వచ్చాక అత్త చూసింది. అంతకుముందు పాప కుయ్ మంటే చాలు, నా రొమ్ములు బిగిసి పాలు చేపుకొచ్చేవి, జాకెట్టు తడిసిపోయేది. ఇప్పుడు పాప నోట్లో పెట్టుకుని పీకీ పీకీ వదిలేసి ఏడుస్తోంది.

"పాలెండిపోనాయేటే?"

"లేదత్తా. ఉన్నాయి. చేపట్లేదు," అని ఆమె చెవిలో అరిచాను.

"ఏడుపింటే అయ్యే చేపుతాయి గదే!"

"వింటున్నానత్తా."

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమెకి మాటలు వినబడవు కాబట్టి మొహాలు చూస్తుంది. "నీ మొకమేటే అలగ కడిగిన పళ్లెంలాగున్నాది?" అంది.

బావ ఆ వారంలోనే భోజనం చేస్తూ ఒక సంగతి చెప్పాడు. క్రేను కొక్కెం నుంచి గొలుసు జారుతుంటే చూశాడట. కింద మనిషి ఉన్నాడు. "అరవాలనుకున్నాను," అన్నాడు. "అరవనేదు. ఆడే సూసుకుని జరిగీసినాడు." ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

తర్వాత వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం దాటాక, అత్త ఎండుచేపలకని సంతకి వెళ్లింది. పాప పొద్దుటినుంచి కొంచెం వెచ్చగానే ఉంది. సిరప్పు పోశాను. బావ సెలవులో ఉన్నాడు. ఇద్దరం కింద కూర్చుని అన్నం పెట్టుకున్నాం. లోపలి గదిలో పాప ఏడుపు అందుకుంది.

అది ఆకలి ఏడుపు కాదు. అమ్మలకి తెలుస్తుంది. గొంతు చీరుకుపోయేలా ఒక్కటే శ్రుతిలో వస్తోంది, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా తెరపి లేకుండా. నాకు తెలిసింది. ఇది నొప్పి ఏడుపు అని మనసులో పూర్తి మాటగా అనుకున్నాను. అనుకుని, ముల్లు తీసి కంచం అంచున పెట్టాను.

"గుంటేడస్తంది," అన్నాడు బావ.

"ఊఁ."

"సూడు ఓసారి."

"చూస్తా. ఇది తినేసి."

పాట చాలా బాగుంది. నీళ్లమీద ఎండ పడ్డట్టుంది. పులుసు మళ్లీ పోసుకున్నది అప్పుడే. పాప గొంతు బొంగురుపోయింది. తర్వాత వెక్కిళ్లలాగ వచ్చింది. తర్వాత లేదు.

"ఊరుకున్నాది," అన్నాడు బావ.

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. చేతిలో చేపల సంచి అలాగే ఉండగా అత్త లోపలి గదిలోకి ఉరికింది. వీధి మొగలో బంగారమ్మ ఎదురొచ్చి ఆమె చెవిలో నోరుపెట్టి అరిచిందట, మీ గుంట గుక్కట్టీసింది, ఇంట్లో ఎవుల్లేరేటి, అని. మా పాట బంగారమ్మ ఇంటిదాకా వినబడదు. పాప ఏడుపు వినబడింది.

"ఓలమ్మోయ్! ఒళ్లు నిప్పులాగున్నాది! కళ్లు తేలేసీసింది! సన్నాసీ! రత్నం!"

అత్త పాపని గుండెలకి అదుముకుని వీధిలోకి పరిగెత్తింది. మేం లేచాం. నేను చెయ్యి కడుక్కున్నాను. పులుసు గిన్నెమీద మూత పెట్టాను. చెప్పులు వేసుకున్నాను. బావ తాళం వేసి, పడిందో లేదో లాగి చూశాడు. మలుపు దాటాక పాట వినబడలేదు. ఇప్పుడు వస్తుంది భయం, ఇప్పుడు కాళ్లు వణుకుతాయి అనుకుంటూ నడిచాను. రాలేదు.

ఆసుపత్రిలో పాపకి ఫిట్సు ఆగడానికి సూది వేశారు, తడిగుడ్డలు చుట్టారు. కుర్ర డాక్టరమ్మ బయటికి వచ్చి నన్ను నిలదీసింది.

"ఇంత జ్వరంతో ఎంతసేపు ఏడ్చిందో! మీరేం చేస్తున్నారమ్మా?"

"అన్నం తింటున్నామండి," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. అత్తవైపు తిరిగి, "ఈవిడకి కూడా ఒంట్లో బాలేదా?" అని అడిగింది. అత్తకి వినబడలేదు.

పాప బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. ఇంటికి తీసుకొచ్చిన రోజు, తలుపు తెరవగానే పెట్టె మమ్మల్ని గుర్తుపట్టి పాట మొదలుపెట్టింది. నేను దాని ముందు గోడకి ఆనుకుని కూర్చున్నాను. హాయిగా ఉంది. ఆ హాయిగా ఉందన్నది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. అత్త పాపని బావ చేతిలో పెట్టి, వంటింట్లోంచి పచ్చడి బండ తెచ్చి, పెట్టెని కొబ్బరికాయ కొట్టినట్టే కొట్టింది. రెండు దెబ్బలకి పోయింది. అంతవరకూ మా ఇద్దరికీ పెట్టె ఆపేద్దామన్న ఆలోచనే రాలేదు. ఆపాలంటే ముందు ఏదో ఒకటి ఇబ్బందిగా ఉండాలి కదా.

పగిలిన ముక్కలు సంచిలో వేసుకుని కొండమీదికి వెళ్లాం, అత్తా నేనూ. అప్పటికి ఇందుమతికి నెలలు నిండాయి. జరిగిందంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా విని, నన్ను అదే కుర్చీలో కూర్చోబెట్టింది. మా పాప ఏడుపే, మొదట్లో పెట్టె రికార్డు చేసుకున్నది, వినిపించింది. తెరమీద గీత సాఫీగా పోయింది. మళ్లీ వినిపించింది. అంతే.

"కొంచెం కొంచెంగా తిరిగి రావాలండి," అంది. "ఎంతకాలమో తెలియదు. మేం దించడమే చూశాం. ఎక్కించడం చూడలేదు."

"మేం పాపని కొలవనివ్వలేదు. అందుకే ఇలా అయిందా?" అని అడిగాను. అన్నాళ్లూ నన్ను తొలిచిన మాట అదే. తొలిచింది అనకూడదేమో, తలలో ఉన్న మాట.

ఇందుమతి తల అడ్డంగా ఊపింది. "కొలిచి ఉంటే పాప ఏడ్చేదే కాదండి. జ్వరం వస్తుంది, ఏడుపు రాదు. ఎదురింటావిడకి వినబడ్డానికి ఏమీ ఉండేది కాదు."

ఆ మాట అత్త చెవిలో చెప్పాను. అత్త ఇందుమతి కడుపుమీద చెయ్యి వేసింది. "మరీవిడ గుంటని కొలిసీసిందని సెప్పినాది గదే?" అని నన్నే అడిగింది.

ఇందుమతి వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మా పాప ఏడుపు తనకి తనే పెట్టుకుంది. తెరమీద ఆమె గీత నాదానికంటే సాఫీగా ఉంది. స్కేలు పెట్టి గీసినట్టుంది. చూస్తూ ఉంటే ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. గొంతు మాత్రం మారలేదు.

"నాకు తెలుస్తోందండి. ఇది భయపడాల్సిన విషయమే. భయపడాలని తెలుస్తోంది. రావట్లేదు."

"ఇంట్లో పెట్టె ఆపెయ్యండి మేడం."

"ఆపుతానండి."

"ఎప్పుడు?"

"ఆపాలి," అని కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. తినేసి చూస్తానన్నప్పుడు నా మొహంలో ఉన్నది అదే అయి ఉంటుంది.

ఆ తర్వాత కంపెనీవాళ్లు ప్రయోగం ఆపేసి, ఇళ్లలో పెట్టిన పెట్టెలన్నీ వెనక్కి తీసుకుపోయారు. ఇందుమతిది ప్రయోగం ఇల్లు కాదు. ఆమె పెట్టె ఆమె సొంతం. దాన్ని తేవడానికి ఎవరూ వెళ్లలేదు.

నేను ఫోన్ చేశాను. ఒకసారి ఎత్తింది.

"పాప పుట్టిందండి. చాలా మంచి పాప. అసలు ఏడవదు."

"పాలు తాగుతోందా మేడం?"

"ఇస్తే తాగుతుందండి."

"ఆఖరున ఎప్పుడిచ్చారు?"

వెనక పాట నడుస్తోంది. నీళ్లమీద ఎండలాంటి పాట. ఫోన్లోనే నా భుజాలు కిందికి దిగడం తెలిసింది.

"ఇవ్వాలండి," అంది. పెట్టేసింది.

మళ్లీ ఎత్తలేదు. కంపెనీకి వెళితే, ఆమె సెలవులో ఉంది, మేం మాట్లాడాం, బాగున్నానని చెప్పింది అన్నారు. అడ్రసు ఇవ్వలేదు. పోలీసు స్టేషన్‌కి వెళితే వాళ్లూ ఫోన్ చేశారు. వాళ్లకి ఎత్తింది. బాగున్నానంది. "ఆవిడకి లేని బాధ నీకేంటమ్మా?" అన్నాడు ఎస్సై. అదే కదండీ నేను చెప్పేది, అన్నాను. గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట. మామూలుగా చెప్పాను. అత్తే అరిచింది గానీ, ముసలామె అరుపులు ఎవరు వింటారు?

అత్తా నేనూ పాపని చంకనేసుకుని సాగర్‌నగర్ దాటి సముద్రం పక్కన తిరిగాం. అంతకుముందు ఆమె మాటల్లో తెలిసింది ఇంతే: అటువైపు కొత్త అపార్టుమెంటు, నాలుగో అంతస్తు, వంటింటి కిటికీలోంచి చేపల పడవలు కనబడతాయి. అలాంటివి వరసగా ఎన్నో ఉన్నాయి. వాచ్‌మన్లు లోపలికి రానివ్వలేదు. పసిపిల్ల ఉన్న ఇల్లు ఏదని అడిగితే, ఇక్కడెక్కడా పసిపిల్ల ఏడుపు వినలేదమ్మా అన్నాడు ఒకాయన.

నా సంగతి సరే. నాకు భయం ఇంకా తిరిగి రాలేదు. పాప ఏడిస్తే లేస్తాను. ఏమైనా అనిపించినా అనిపించకపోయినా లేస్తాను. నేను లేవకపోతే తన్నమని అత్తకి చెప్పాను. ఆమె తన్నింది కూడా. కానీ ఇందుమతి ఇంట్లో అత్త లేదు. ఎదురింట్లో బంగారమ్మ ఉన్నా ఆమెకి వినబడడానికి ఏమీ ఉండదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు అటువైపు ఉండేవాళ్లయితే, నాలుగో అంతస్తులో ఎక్కడైనా ఎప్పుడూ ఒకే నెమ్మదైన పాట వినిపిస్తుంటే, వెళ్లి తలుపు కొట్టండి. ఏడుపు వినబడలేదు కదా అని వెనక్కి రాకండి. ఆమె తలుపు తీస్తుంది, నవ్వుతుంది, అంతా బాగుందండి అంటుంది. పాట మీకు కూడా బాగుంటుంది, కూర్చోబుద్ధవుతుంది. కూర్చోకండి. లోపలికి వెళ్లి పాపని ఎత్తుకోండి. ఒళ్లు ఎలా ఉందో చూడండి.